నలభై అయిదేళ్ల వయసులో రిటైర్మెంట్ లెక్క: ఆ కోటీ 90 లక్షలు నిజంగా వస్తాయా?

ప్రశ్న: నా వయసు 45. హన్మకొండలో ఒక ప్రైవేటు కంపెనీలో స్టోర్స్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. బేసిక్ 30,000, చేతికి 52,000 వస్తుంది. పీఎఫ్‌లో 12 లక్షలు ఉన్నాయి. మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 5,000 సిప్ కడుతున్నాను, అందులో 3 లక్షలు అయ్యాయి. నెలకు 10,000 కట్టే చిట్టీ ఇంకో ఎనిమిది నెలల్లో అయిపోతుంది. ఇంటి లోన్ ఈఎంఐ 12,000 మరో నాలుగేళ్లు ఉంది. హసన్‌పర్తి దగ్గర 150 గజాల ప్లాట్ ఉంది. మా ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది, నెలకు తొమ్మిది వేల దాకా వస్తాయి. పాప ఇంటర్ సెకండియర్, బాబు ఎనిమిదో తరగతి. మా ఫ్రెండ్ ఫోన్‌లో ఒక కాలిక్యులేటర్ తీసి, 15 శాతం పెట్టి, 60 ఏళ్లకు నీకు కోటీ 90 లక్షలు వస్తాయని చూపించాడు. అది నిజమేనా? మా బావమరిదేమో పీఎఫ్‌లోంచి 5 లక్షలు తీసి ఇంకో ప్లాట్ కొనమంటున్నాడు. ఇప్పటికే ఆలస్యమైపోయిందేమోనని టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకుడు, హన్మకొండ

సమాధానం: కోటీ 90 లక్షలు రావండీ. ఇప్పుడు కడుతున్నట్టే కడుతూ పోతే 60 ఏళ్లకు 90 లక్షల చుట్టుపక్కల వస్తాయి. ఆ 90 లక్షలతో అప్పుడు కొనగలిగేది, ఇవాళ 38 లక్షలతో కొనగలిగినంతే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తప్పు అంకెను నమ్ముకుని పదిహేనేళ్లు నిశ్చింతగా ఉండటం కంటే, సరైన అంకె ఇప్పుడే తెలిసి కాస్త కంగారు పడటం మేలు. సరిచేసుకోవడానికి మీకు టైమ్ ఉంది.

కాలిక్యులేటర్ అబద్ధం చెప్పదు. మనం ఏ శాతం పెడితే దాన్ని గుణించి చూపిస్తుంది. మీ ఫ్రెండ్ మొత్తం డబ్బుకీ 15 శాతం పెట్టాడు. కానీ మీకున్న 15 లక్షల్లో 12 లక్షలు పీఎఫ్‌వి. పీఎఫ్‌కు 2023-24లోనూ 2024-25లోనూ ఇచ్చిన వడ్డీ 8.25 శాతం. 1990ల్లో ఇదే పీఎఫ్ 12 శాతం ఇచ్చేది. బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఎవరైనా తెరుచుకోగలిగే పీపీఎఫ్ కూడా అప్పట్లో 12 శాతమే, 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం. వడ్డీ రేట్లు కాలంతో పాటు కిందికి దిగుతూ వచ్చాయి కాబట్టి, రాబోయే పదిహేనేళ్లకు నేను పీఎఫ్ మీద 8 శాతమే వేశాను. సిప్ మీద 10 శాతం వేశాను. షేర్ మార్కెట్ అంతకన్నా ఎక్కువ ఇచ్చిన కాలాలు ఉన్నాయి, ఇవ్వనివీ ఉన్నాయి. ముసలితనంలో తినే అన్నం లెక్క వేసేటప్పుడు తక్కువ వేసుకోవడమే నయం.

ఇప్పుడు అంకెలు చూడండి. మీ బేసిక్ 30,000 మీద మీ వాటా 12 శాతం, అంటే 3,600. కంపెనీ కూడా అంతే వేస్తుంది గానీ అందులో 1,250 పెన్షన్ స్కీముకు పోతుంది. మిగిలిన 2,350 పీఎఫ్‌లో పడుతుంది. మొత్తం నెలకు 5,950. మీ జీతం ఒక్క రూపాయీ పెరగదనుకుందాం. ఇప్పటి 12 లక్షలు 60 ఏళ్లకు 38 లక్షలవుతాయి, నెలనెలా వేసేది 20 లక్షలవుతుంది. సిప్‌లో ఉన్న 3 లక్షలు పన్నెండున్నర లక్షలు, నెలకు 5,000 చొప్పున కట్టేది 20 లక్షలు. అన్నీ కలిపితే తొంభై లక్షలు దాటుతుంది.

ఇక ధరల సంగతి. మన దగ్గర వడ్డీని ఎవరూ శాతాల్లో మాట్లాడుకోరు, నూటికి నెలకు ఎంత అనే అడుగుతారు. ఆ లెక్కలోకి మార్చి చూస్తే విషయం తొందరగా తెలుస్తుంది. మీ ఫ్రెండ్ పెట్టిన 15 శాతం అంటే రూపాయి పావలా వడ్డీ. పీఎఫ్ ఇచ్చేది 69 పైసలు. ధరలు ఏడాదికి 6 శాతం పెరుగుతాయనుకుంటే, అవి మన మీద అర్ధ రూపాయి వడ్డీ వేస్తున్నట్టే. అదీ బారువడ్డీ కాదు, చక్రవడ్డీ. పీఎఫ్ 69 పైసలు ఇస్తే అందులో 50 పైసలు ధరలు తీసుకెళ్తాయి, మనకు నిజంగా మిగిలేది 19 పైసలు.

6 శాతం ఎక్కువేమో అనిపించవచ్చు. రిజర్వ్ బ్యాంక్ పెట్టుకున్న లక్ష్యం 4 శాతమే, పైకి 6 దాకా పోవచ్చని హద్దు. కానీ ఆ లెక్కలో వందల రకాల వస్తువులుంటాయి. వయసు మీద పడిన ఇంట్లో ఖర్చయ్యేది మందులకు, డాక్టర్‌కు, పనిమనిషికి, కరెంటుకు, కూరగాయలకు. మీ పాప పుట్టిన ఏడాది మీ ఇంటి నెల ఖర్చు ఎంతో మీరూ మీ ఆవిడా కూర్చుని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. 6 వేయడం ఎందుకో మీకే తెలుస్తుంది. 72ను 6తో భాగిస్తే 12. అంటే ఆ లెక్కన పన్నెండేళ్లకోసారి ఖర్చు రెట్టింపవుతుంది. పదిహేనేళ్లలో దాదాపు 2.4 రెట్లు. అందుకే 90 లక్షలను 2.4తో భాగించాను. ఇకమీదట ఏ కాలిక్యులేటర్ ఏ పెద్ద అంకె చూపించినా, ముందు ఈ భాగహారం చేశాకే సంతోషించండి.

మీకు ఎంత కావాలి? పిల్లల ఫీజులు, ఈఎంఐ పక్కన పెడితే మీ ఇంటికి ఇవాళ నెలకు 25,000 చాలనుకుందాం. సొంతిల్లు ఉంది కాబట్టి హన్మకొండలో అంతతో గడుస్తుంది. ఏడాదికి 3 లక్షలు. 60 నుంచి 85 దాకా 25 ఏళ్లకు ఇవాళ్టి విలువలో 75 లక్షలు. రిటైరయ్యాక మీ డబ్బు ధరలతో సమానంగా మాత్రమే పెరుగుతుందనుకుని వేసిన లెక్క ఇది. మీరు వెళ్తున్న దారిలో వచ్చేది 38 లక్షలు. సగం ఉంది, సగం లేదు. అలాగే వదిలేస్తే 73వ ఏటికల్లా డబ్బు అయిపోతుంది.

ఇక్కడ చాలామంది చేసేది ఒకటే. లోటు కనిపించగానే ఎక్కువ వడ్డీ ఎక్కడొస్తుందా అని వెతుకుతారు. రెండు రూపాయల వడ్డీకి ఎవరికో ఇస్తారు, ఎవరో చెప్పిన షేర్ కొంటారు, కొత్త వెంచర్‌లో ప్లాట్‌కు అడ్వాన్స్ ఇస్తారు. ఇరవై అయిదేళ్ల కుర్రాడికైతే ఒక శాతం తేడా ముప్పై అయిదేళ్ల మీద పనిచేసి చాలా పెద్దదవుతుంది. 45లో అలా కాదు. మీ సిప్ మీద 10కి బదులు 12 శాతం వచ్చిందనుకోండి, చివరికి అదనంగా వచ్చేది ఏడున్నర లక్షలు. వస్తుందన్న హామీ ఏమీ లేదు. అదే 10 శాతంతో, సిప్‌ను ఏటా పదో వంతు పెంచుకుంటూ పోయారనుకోండి. ఈ ఏడాది 5,000, వచ్చే ఏడాది 5,500, ఆ పైన 6,050. చివరికి అదనంగా వచ్చేది దాదాపు 16 లక్షలు. మొదటిది మార్కెట్ చేతిలో ఉంది, రెండోది మీ చేతిలో ఉంది. పైగా రెట్టింపు పలుకుతోంది. మీ వయసులో నెలకు ఎంత కడుతున్నారు, దాన్ని ఏటా ఎంత పెంచుతున్నారు అన్నదే అన్నిటికన్నా ముఖ్యం. శాతం తర్వాతి మాట.

కాబట్టి నేను చెప్పేది ఇది. చిట్టీ అయిపోయిన నెల నుంచే ఆ పదివేలల్లో 5,000 సిప్‌కు కలపండి. మిగిలిన 5,000 పాప కాలేజీకి ఉంచుకోండి. ఒక్క నెల ఆగినా ఆ డబ్బు ఇంటి ఖర్చులో కలిసిపోతుంది, మళ్లీ బయటికి తీయడం కష్టం. అలా 10,000తో మొదలుపెట్టి ఏటా 10 శాతం పెంచితే సిప్ ఒక్కటే 60 ఏళ్లకు 71 లక్షలవుతుంది. పాత 3 లక్షలు ఎదిగింది కలిపితే 84. పీఎఫ్ కూడా మీరు ఏమీ చేయకుండానే పెరుగుతుంది, ఎందుకంటే బేసిక్ పెరిగినప్పుడల్లా కోత పెరుగుతుంది. జీతం ఏటా 7 శాతం పెరిగితే పీఎఫ్ మొత్తం దాదాపు 70 లక్షలు. రెండూ కలిపి కోటిన్నర. ఇవాళ్టి విలువలో 62 లక్షలు.

పదిహేనో ఏట సిప్ నెలకు 38,000 అవుతుంది. ఇప్పుడు వింటే భయం వేస్తుంది, నాకు తెలుసు. కానీ అదే 7 శాతం లెక్కన అప్పటికి మీ చేతికొచ్చే జీతం 1,34,000 దాకా ఉంటుంది, ఈఎంఐ ఉండదు, పిల్లల చదువులు అయిపోయి ఉంటాయి. నాలుగేళ్ల తర్వాత ఈఎంఐ తీరిన నెలలో ఆ 12,000 నుంచి కొంత ఇటు మళ్లిస్తే భారం ఇంకా తగ్గుతుంది. మధ్యలో ఒక ఏడాది ఇంక్రిమెంట్ రాకపోతే ఆ ఏడాది పెంచకండి, కట్టేది మాత్రం ఆపకండి.

మార్కెట్ అంటే మీకు నిద్ర పట్టదంటే, పెంచే డబ్బులో సగం వాలంటరీ పీఎఫ్‌కు మళ్లించమని కంపెనీకి రాసివ్వొచ్చు. దానికీ పీఎఫ్ వడ్డీయే వస్తుంది. మీ వాటా ఏడాదికి రెండున్నర లక్షలు దాటితేనే, ఆ దాటిన డబ్బుకు వచ్చే వడ్డీ మీద పన్ను పడుతుంది, మీరు దానికి చాలా దూరంలో ఉన్నారు.

ఇంకా రెండు పద్దులున్నాయి, మీ ఉత్తరంలో రాయలేదు. ఒకటి గ్రాట్యుటీ. చివరి బేసిక్‌లో 26వ వంతును 15తో గుణించి, దాన్ని సర్వీసు ఏళ్లతో గుణిస్తారు. ఇదే కంపెనీలో 25 ఏళ్ల సర్వీసుతో దిగితే అప్పటికి 12 లక్షల దాకా రావచ్చు. రెండోది పెన్షన్ స్కీము నుంచి నెలనెలా వచ్చే పెన్షన్. దీని మీద చాలామందికి పెద్ద ఆశలుంటాయి. జీతం ఎంతున్నా 15,000 మీదే లెక్క కడతారు. దాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. 2014 సెప్టెంబర్‌కు ముందు సర్వీసుకు 6,500 మీదే లెక్క. ముప్పై ఏళ్ల సర్వీసున్నా మీకు నెలకు 6,000 చుట్టుపక్కల వస్తుంది, ధరలతో పాటు అది పెరగదు. ఇవాళ్టి విలువలో గ్రాట్యుటీని 5 లక్షలు, పెన్షన్‌ను ఇంకో 4 లక్షలు అనుకోండి. 62కు ఇవి కలిపితే 71. కావాల్సిన 75కు దగ్గరికొచ్చేశారు. ఆలస్యమైపోయిందా అని అడిగారు కదా, కాలేదు. కానీ ఇంకో అయిదేళ్లు ఆగితే మాత్రం ఈ మాట చెప్పలేను.

బావమరిది గారి సలహాకు వస్తాను. ఆయన మీ మంచి కోరే చెప్పి ఉంటారు. మన వైపు భూమి కొన్నవాళ్లు బాగుపడిన ఇళ్లు కళ్ల ముందు కనిపిస్తాయి, ఆ మాటను కొట్టిపారేయను. కానీ పీఎఫ్ నుంచి ఇవాళ తీసే 5 లక్షలు, 60 ఏళ్లకు తీసే దాదాపు 16 లక్షలు. ఈ రోజుల్లో 5 లక్షలకు వరంగల్ చుట్టుపక్కల మంచి ప్లాట్ రాదు, మిగతాదానికి మళ్లీ అప్పు చేయాలి. పైన రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వ విలువ మీద 7.5 శాతం. లేఅవుట్‌కు కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) అనుమతి ఉందా, లేకపోతే దాన్ని క్రమబద్ధం చేయించుకునే ఎల్ఆర్ఎస్ ఫీజు ఎవరు కట్టాలి అన్న తలనొప్పి వేరే. అన్నిటికన్నా పెద్ద సంగతి, మీకు ఇల్లు ఉంది, ఒక ప్లాట్ ఉంది. మీ ఆస్తిలో భూమి వాటా ఇప్పటికే ఎక్కువ. రిటైరయ్యాక కావలసింది నెలనెలా చేతికొచ్చే డబ్బు. నెల ఖర్చుకు ప్లాట్‌లో అయిదు గజాలు కోసి అమ్మలేం కదా. అర్జెంటుగా అమ్మాల్సి వస్తే కొనేవాడు చెప్పిందే రేటు. పీఎఫ్‌ను కదపకండి. హసన్‌పర్తి ప్లాట్‌ను ఈ లెక్కలో కలపకుండా పక్కన ఉంచండి. 75 లక్షల్లో తగ్గే ఆ కొంచెం దాని మీద వస్తుంది, ఇంకా మిగిలితే పిల్లలకు.

పాప చదువు గురించి మీరు అడగలేదు గానీ, వచ్చే ఏడాదే ఆ ఖర్చు మొదలవుతుంది. ఇంజనీరింగ్ ఫీజు కోసం కూడా పీఎఫ్ మీద చెయ్యి వేయకండి. చాలకపోతే ఎడ్యుకేషన్ లోన్ తీసుకోండి, ఉద్యోగం వచ్చాక పాప కట్టుకుంటుంది. పిల్లల కోసం అప్పు చేయకూడదని తల్లిదండ్రులకు మనసులో ఉంటుంది. కానీ 70 ఏళ్ల వయసులో మీ మందులకు ఆ పాప దగ్గరే డబ్బు అడగాల్సి వస్తే, అది ఆమెకు ఈ లోన్ కంటే పెద్ద బరువు.

మీ కంపెనీలో రిటైర్మెంట్ వయసు ఎంతో కనుక్కున్నారా? చాలా ప్రైవేటు కంపెనీల్లో అది 58. మీరు 60 అనుకుని లెక్క వేసుకుంటున్నారు. మొదట చెప్పిన 90 లక్షల లెక్కనే 58 దగ్గర ఆపి చూస్తే 74 లక్షలే వస్తుంది. ఆఖరి రెండేళ్లే 16 లక్షలన్నమాట, చక్రవడ్డీ చివర్లోనే గట్టిగా పనిచేస్తుంది. పైగా రెండేళ్ల ఖర్చు అదనంగా మీద పడుతుంది. స్టోర్స్‌లో ఇన్నేళ్ల అనుభవం ఉన్న మనిషికి ఆ రెండేళ్లకు ఏదో ఒక పని దొరుకుతుంది. తక్కువ జీతమైనా ఇంటి ఖర్చు వెళ్లిపోతే చాలు, దాచింది కదలకుండా ఉంటుంది. దాని గురించి 55 నుంచే చూసుకోండి.

సిప్ డబ్బును 60వ పుట్టినరోజు దాకా మార్కెట్‌లోనే ఉంచకండి. 2008 జనవరిలో 21,000 దగ్గరున్న సెన్సెక్స్ అదే అక్టోబర్‌లో 8,500కు పడిపోయింది. ఆ ఏడాది రిటైరైనవాళ్లకు మళ్లీ పెరిగేదాకా ఆగే టైమ్ లేదు. అందుకని 56, 57 నుంచి ఏటా కొంత తీసి ఎఫ్‌డీలోకో పీఎఫ్ లాంటి నికరమైన చోటుకో మార్చుకోండి. 60 దాటాక పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ స్కీము ఉంది. ఇప్పుడు దానికి 8.2 శాతం, ఒకరు 30 లక్షల దాకా పెట్టొచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ అకౌంట్‌లో పడుతుంది. 30 లక్షల మీద నెలకు సగటున 20,500. కొత్తగా పెట్టేవాళ్లకు ఈ రేటు మారుతూ ఉంటుంది. మీరు చేరే రోజుకు ఎంతుంటుందో ఇప్పుడే అనుకోకండి.

ఈ లెక్కంతటినీ ఒక్క ఆపరేషన్ తలకిందులు చేయగలదు. కంపెనీ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగం మానేసిన రోజుతో ఆగిపోతుంది. 60లో షుగరో బీపీయో ఉండగా కొత్త పాలసీ అడిగితే ప్రీమియం భారీగా ఉంటుంది, ఒక్కోసారి ఇవ్వరు కూడా. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టే వీలు కంపెనీలకు ఉంది. ఇప్పుడు మీ ఇద్దరి పేరు మీద సొంత పాలసీ తీసుకుంటే ఆ మూడేళ్లు ఉద్యోగంలో ఉండగానే గడిచిపోతాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇలాంటి సొంత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు.

మీ ఆవిడ గారి గురించి ఒక మాట. నెలకు తొమ్మిది వేలు సంపాదిస్తున్నారు గానీ ఆమెకంటూ పీఎఫ్ లేదు, పెన్షన్ లేదు, మీ లెక్కలన్నీ మీ పేరు మీదే ఉన్నాయి. ఆమె పేరున పీపీఎఫ్ తెరిచి, ఆమె సంపాదనలోంచే నెలకు 2,000 కట్టించండి. 5వ తారీఖు లోపు కడితే ఆ నెల వడ్డీ వస్తుంది. ఇదే 7.1 శాతం ఉంటే పదిహేనేళ్లకు 6.3 లక్షలు. ఇవాళ్టి విలువలో అది రెండున్నర లక్షలే, పెద్ద మొత్తం కాదు. కానీ అది ఆమె కష్టం, ఆమె పేరు మీద ఉంటుంది.

చివరగా, ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. ఉమాంగ్ యాప్‌లో మీ పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి. ఈ కంపెనీకి ముందు వేరే చోట పనిచేసి ఉంటే, ఆ పాత అకౌంట్ ఇప్పటి యూఏఎన్‌లో, అంటే కంపెనీ మారినా మారని మీ పీఎఫ్ నంబర్‌లో, కలిసిందో లేదో చూడండి. కలవకపోతే ఆ డబ్బు ఒక పక్కన ఉండిపోతుంది, పెన్షన్‌కు లెక్కేసే సర్వీసులోనూ ఆ ఏళ్లు కనిపించవు. ఆన్‌లైన్‌లోనే ట్రాన్స్‌ఫర్‌కు పెట్టొచ్చు. పాత రికార్డులో పేరు స్పెల్లింగో పుట్టిన తేదీయో తేడా ఉంటే సరిచేయించడానికి చాలా రోజులు పడుతుంది, అదే 58లో తిరగడం కంటే ఇప్పుడు తిరగడం సులువు. పనిలో పనిగా నామినీగా ఎవరి పేరుందో కూడా చూడండి. పెళ్లికి ముందు చేరిన ఉద్యోగమైతే అక్కడ ఇంకా మీ అమ్మగారి పేరో నాన్నగారి పేరో ఉండవచ్చు.